రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేమ్‌లు పెరగలేదు: నా అనుభవం

మా గేమ్‌లో ఒక సంత సీన్ ఉంది. రాత్రి, వాన, దీపాలు, కిటకిటలాడే జనం. పీఎస్ 5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్‌లో సెకనుకు 60 ఫ్రేమ్‌లతో, అంటే 60 చిత్రాలతో, హాయిగా నడిచేది. అదే సీన్ 2013 నాటి పీఎస్ 4లో 22కి పడిపోయింది. విడుదల దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్.

ముందు రిజల్యూషన్‌ను, అంటే తెర మీద గీసే పిక్సెళ్ల (చుక్కల) వరుసలను, 1080 నుంచి 900కి తగ్గించాను. ఒక్క ఫ్రేమ్ కూడా పెరగలేదు. అసలు జవాబు అక్కడే దొరికింది. పిక్సెళ్లు తగ్గినా వేగం మారలేదంటే ఇబ్బంది బొమ్మలు గీసే చిప్ జీపీయూది కాదు, లెక్కలు చేసి దానికి పనులు అప్పగించే సీపీయూది. పీఎస్ 4 సీపీయూలో కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు) ఎనిమిది ఉన్నా, ఒక్కోటి 1.6 గిగాహెర్ట్జే.

30 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 33.3 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. మాకు 45 పట్టేది. ఏ పనికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ తెరిస్తే, అందులో సగం డ్రా కాల్స్‌కే, అంటే ‘ఇది గీయి’ అని సీపీయూ జీపీయూకి పంపే ఆదేశాలకే పోతోంది. ప్రతి కుండనూ, ప్రతి బుట్టనూ, ప్రతి గొడుగునూ విడివిడిగా గీస్తున్నాం. నీడల కోసం అన్నిటినీ మళ్లీ గీస్తున్నాం!

ఒకే రకం వస్తువులను ఇన్‌స్టాన్సింగ్‌తో కలిపి ఒకేసారి పంపాను. దూరపు నీడలను నాలుగు ఫ్రేమ్‌లకోసారి, దూరపు మనుషుల కదలికలను రెండు ఫ్రేమ్‌లకోసారి లెక్కించేలా మార్చాను. 29 మిల్లీసెకన్లకు దిగింది. రిజల్యూషన్ మళ్లీ 1080కి పెట్టేశాను. వేగం పైకీ కిందికీ ఊగితే ఆడేవాళ్ల కంటికి ఇబ్బంది కాబట్టి సెకనుకు 30 ఫ్రేమ్‌ల దగ్గరే కట్టేశాను.

నీటి గుంటల్లో దీపాల ప్రతిబింబాలు కూడా తీసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అవి లేకపోతే ఆ సంతలో వాన పడుతున్నట్టే ఉండదు. వాటిని సగం రిజల్యూషన్‌లో ఉంచాం.