మొక్కలు తర్వాత నాటొచ్చు, ముందు కంచాల్లో మిగిలింది తూకం వేయించండి

జూన్ 5 పర్యావరణ దినోత్సవం. మన రెండు రాష్ట్రాల్లో బడులు తెరిచేది మామూలుగా 12న. అంటే అసలు రోజున పిల్లలే ఉండరు, తర్వాత ఎప్పుడో మన టీచర్లం హడావుడిగా నాలుగు మొక్కలు నాటి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి గ్రూపులో పెట్టేస్తాం. నేనూ మూడేళ్లు అదే చేశాను. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక ఒక్కటీ బతకలేదు. అందుకే ఇప్పుడు మధ్యాహ్న భోజనం దగ్గర మొదలుపెడుతున్నా, అదైతే రోజూ ఉంటుంది.

మొదటి రెండు వారాలు తవ్వకాలూ గివ్వకాలూ వద్దు. ఒక బకెట్, పాత పేపర్లు కొనేవాళ్లు వాడే కొక్కెం కాటా, ఒక నోటుబుక్కు చాలు. కంచాల్లో మిగిలింది బకెట్లో వేయించి, ఎన్ని కిలోలో, ఆ రోజు వంట ఏమిటో ఎనిమిదో తరగతి వాళ్లతో రాయించండి. మా దగ్గర కూర పలచగా ఉన్న రోజే బకెట్ నిండేది. అయితే ఇది వంట అక్కకి ముందే చెప్పి మొదలుపెట్టండి. నేను చెప్పలేదు, "నా వంటకి మార్కులేస్తున్నారా సారూ?" అని వారం రోజులు మాట్లాడలేదు.

తర్వాత ఎరువు. నీళ్లు నిలవని చోట, చెట్టు నీడన, పొడవూ వెడల్పూ ఎత్తూ మూడేసి అడుగులు వచ్చేలా కుప్ప వేయండి, అంతకంటే చిన్నదైతే వేడెక్కదు. జానెడు మందం ఎండుటాకులు, పైన నాలుగు వేళ్ల మందం తడి చెత్త, కాస్త పేడ నీళ్లు, మళ్లీ ఆకులు. ఆకులు తక్కువేసి సాంబారన్నం ముద్దగా పోస్తే గాలాడక కంపు కొడుతుంది, పురుగులు పడతాయి. మా మొదటి కుప్ప అలాగే పోయింది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే తడి ఎక్కువైనట్టు. నాలుగో రోజు ఒక ఇనుప కడ్డీ లోపలికి గుచ్చి పది నిమిషాల తర్వాత లాగండి, చివర ముట్టుకోగానే పిల్లలు "అబ్బా!" అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. సూక్ష్మజీవుల పాఠం ఇంక చెప్పక్కర్లేదు. వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది.

కుప్ప కుదిరాకే ఊళ్లోకి వెళ్లండి. ర్యాలీ వద్దు, నినాదాలు మలుపు తిరిగేలోపే మర్చిపోతారు. వీధికి ఇద్దరు చొప్పున, ప్రతి వారం అవే పది ఇళ్లకు పంపండి. టీ కొట్టు పొడి, గుడిలో వాడిన పూలు, కూరగాయల తొక్కలు అడిగి తేవాలి. తడి, పొడి, హానికర చెత్త ఇంటి దగ్గరే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, పంచాయతీ చెత్త బండి మనిషిని ఒక రోజు బడికి పిలిస్తే కలిపేసిన చెత్తతో తన అవస్థ మనకంటే బాగా చెబుతాడు. గాజు పెంకులు, ప్యాడ్‌లు, మందుల సీసాలు పిల్లలు ముట్టకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాల్సిందే.

ఇంకొకటి, కాస్త ఇబ్బందైన మాట. చీపురు ఎప్పుడూ ఎవరి చేతికి వెళుతోందో గమనించండి. ఆడపిల్లలకో, ఫలానా పిల్లలకో పడుతుంటే మనం నేర్పేది పర్యావరణం కాదు. వంతులు గోడ మీద రాసి పెట్టండి, టీచర్ల పేర్లతో సహా.

ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందు కుప్ప తడిపి, పాత గోనె సంచులు కప్పి వదిలేయండి. జూన్‌లో తీసి జల్లించి, తరగతికి ఒక్క మొక్క చొప్పున ఆ ఎరువుతో నాటండి. పై వేసవికి ఎవరు నీళ్లు పోస్తారో ఆ రోజే రాసుకోండి.