అమెరికా ఫోనులో మన సిమ్ సరిగా నడవడం లేదా? కారణం ఇలా పట్టుకోండి

అమెరికాలో చాలామంది ఫోనును ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్ లాంటి ఆపరేటర్ల దగ్గరే నెలవారీ వాయిదాల మీద కొంటారు. అమ్మిపెట్టే ఆపరేటర్ కోసం తయారీ కంపెనీ ఫోనులో మూడు మార్పులు చేస్తుంది. ఇతరుల సిమ్ పనిచేయకుండా లాక్ పెడుతుంది, ఆపరేటర్ సొంత ఆప్‌లు, సెట్టింగులు ఎక్కిస్తుంది, ఆ నెట్‌వర్క్‌లో పరీక్షించిన కాల్ ప్రొఫైల్ (కాల్ ఎలా వెళ్లాలో చెప్పే సెట్టింగులు) ఇస్తుంది. అదే ఫోను హైదరాబాదుకో విజయవాడకో వచ్చినప్పుడు ఈ మూడూ వేర్వేరు ఇబ్బందులుగా బయటపడతాయి. దుకాణాల్లో అన్నిటికీ కలిపి "అన్‌లాక్ చేస్తాం" అంటారు. తేడా తెలియకుండా డబ్బు కట్టకండి.

సిమ్ పెట్టగానే "సిమ్ నాట్ సపోర్టెడ్" అంటోంది, లేదా నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ అడుగుతోంది

ఇది సిమ్ లాక్. ఐఫోనులో సెట్టింగ్స్ > జనరల్ > అబౌట్‌లో కిందికి వెళ్లి "క్యారియర్ లాక్" చూడండి. "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉంటే లాక్ లేదు, కారణం వేరే చోట వెతకాలి. వేరే ఏ మాట ఉన్నా లాక్ ఉన్నట్టే.

దీన్ని తీయగలిగేది అమ్మిన ఆపరేటర్ ఒక్కరే. ఆపిల్ స్టోరుకు వెళ్లినా అదే చెబుతారు. వాయిదాలన్నీ తీరి ఉండాలి, నెట్‌వర్క్‌లో కొంతకాలం వాడి ఉండాలి. పోస్ట్‌పెయిడ్‌కు ఏటీ అండ్ టీ 60 రోజులు, టీ-మొబైల్ 40 రోజులు అడుగుతాయి. ప్రీపెయిడ్‌కు గడువు ఇంకా ఎక్కువ. వెరిజాన్ దగ్గర కొన్న తేదీని బట్టి నియమం మారుతుంది.

ఏటీ అండ్ టీకి వాళ్ల డివైస్ అన్‌లాక్ పేజీలో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) ఇచ్చి దరఖాస్తు పెట్టాలి. ఈమెయిల్‌కు వచ్చే లింకును 24 గంటల్లోపు నొక్కకపోతే దరఖాస్తు రద్దవుతుంది. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. టీ-మొబైల్ శామ్‌సంగ్‌లకు సెట్టింగ్స్ > కనెక్షన్స్ > మోర్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో "నెట్‌వర్క్ అన్‌లాక్" ఉంటుంది. ఐఫోనుకైతే ఆపరేటర్ ఆమోదించాక కొత్త సిమ్ వేసి వైఫైకి కలిపితే చాలు. అప్పటికీ మారకపోతే బ్యాకప్ తీసుకుని, పూర్తిగా ఎరేజ్ చేసి మళ్లీ యాక్టివేట్ చేయండి.

సిమ్ కింద పెట్టే పల్చటి ఆర్-సిమ్ చిప్ కొనకండి. అది లాక్ తీయదు, ఫోనును కాసేపు ఏమారుస్తుంది అంతే. తర్వాతి అప్‌డేట్‌తో సిగ్నల్ పోవచ్చు. శామ్‌సంగ్‌లో పిన్‌లు ఊహించి కొట్టడం ఇంకా ప్రమాదం. ప్రయత్నాలకు పరిమితి ఉంది, అది దాటితే సరైన కోడ్ దొరికినా తీసుకోదు.

అన్నిటికన్నా తేలిక దారి, ఫోను తెచ్చే బంధువు విమానం ఎక్కకముందే బాకీ తీర్చి అన్‌లాక్ చేయించడం. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లకు అక్కడ చిన్న పని, ఇక్కడికొచ్చాక మీకు పెద్ద తలనొప్పి.

సిమ్ పెట్టే చోటే లేదు

2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే తీసేశారు. ఈ-సిమ్, అంటే విడి కార్డు లేకుండా ఫోనులోనే ఎక్కే సిమ్, ఒక్కటే దారి. పాత సిమ్‌ను ఇంకో ఫోనులోనే ఉంచి అక్కణ్నుంచి అడగాలి. జియోకు "గెట్‌ఈసిమ్" అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి 32 అంకెల ఈఐడీ (ఫోనులోని ఈ-సిమ్ గుర్తింపు సంఖ్య), మళ్లీ ఖాళీ వదిలి 15 అంకెల ఐఎంఈఐ రాసి 199కి పంపండి. ఎయిర్‌టెల్‌కు "ఈసిమ్" అని రాసి, ఖాళీ వదిలి నమోదైన ఈమెయిల్ రాసి 121కి పంపండి. సిమ్ మారాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, బ్యాంకు ఓటీపీలు రావు. చెల్లింపులు ముందే ముగించుకోండి.

డేటా వస్తోంది, కాల్ మాత్రం పోవడం లేదు

జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ వెళ్లాలంటే వోల్టీ (4జీ మీదుగా కాల్) తప్పనిసరి, దానికి ఆ ఆపరేటర్ ప్రొఫైల్ ఫోనులో ఉండాలి. ఎయిర్‌టెల్‌లో ఇదే లోపం ఉంటే కాల్ 2జీకి పడిపోయి నడుస్తుంది, ఆ సమయంలో డేటా ఆగుతుంది. అందుకే ఒకే ఫోనులో ఎయిర్‌టెల్ కాల్ వెళ్లి, జియో కాల్ వెళ్లకపోతే అనుమానించాల్సింది వోల్టీనే.

పిక్సెల్, మోటరోలాల్లో *#*#4636#*#* నొక్కి, ఫోన్ ఇన్ఫర్మేషన్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ఐఎంఎస్ స్టేటస్ చూడండి. "నాట్ రిజిస్టర్డ్" అంటే వోల్టీ నమోదు కాలేదు, ప్రొఫైల్ అందకపోయి ఉండొచ్చు. ఐఫోనులో వైఫైకి కలిపి అబౌట్ పేజీ తెరిచి ఒక నిమిషం ఆగితే, క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ ఉంటే అదే అడుగుతుంది.

హార్డ్‌వేర్ ఉన్నా అనుమతి లేక ఆగడం కొత్తేమీ కాదు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైనా, 5జీ ఉన్న ఐఫోన్లలో అది తెరుచుకున్నది డిసెంబరులో వచ్చిన ఐఓఎస్ 16.2తోనే.

హాట్‌స్పాట్ పడటం లేదు, ఆపరేటర్ లోగో పోవడం లేదు, అప్‌డేట్లు రావడం లేదు

ముందు ఏపీఎన్, అంటే ఫోను ఆపరేటర్ ఇంటర్నెట్‌కు కలిసే సెట్టింగు, చూడండి. ఏపీఎన్ టైప్‌లో "డిఫాల్ట్, సప్ల్" (default, supl) పక్కన "డన్" (dun) చేర్చితే చాలాసార్లు హాట్‌స్పాట్ దారికొస్తుంది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

శామ్‌సంగ్‌లో అసలు కారణం సీఎస్‌సీ, అంటే ఏ ఆపరేటర్, ఏ దేశం అన్న మూడక్షరాల కోడ్. సెట్టింగ్స్ > అబౌట్ ఫోన్ > సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లో కనిపిస్తుంది. ఏటీటీ, టీఎంబీ, వీజడ్‌డబ్ల్యూ ఆపరేటర్లవి, ఎక్స్‌ఏఏ అమెరికా అన్‌లాక్డ్‌ది, ఐఎన్ఎస్ మనది. మోడల్ నంబరు చివర "యూ" ఉంటే ఆపరేటర్ ఫోను, "యూ1" అయితే అన్‌లాక్డ్. రెండిటి హార్డ్‌వేర్ ఒకటే కాబట్టి యూ ఫోనులో యూ1 సాఫ్ట్‌వేర్ వేయొచ్చు. మన దగ్గర అమ్మే "బీ" మోడల్ సాఫ్ట్‌వేర్ మాత్రం దీనికి ఎక్కదు. ఇండియా సాఫ్ట్‌వేర్ వేసి కాల్ రికార్డింగ్ తెప్పిస్తామనే వాళ్లను నమ్మొద్దు.

వేసే ముందు బిల్డ్ నంబరులో చివరి నుంచి ఐదో అక్షరం చూసుకోండి. అది బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) వెర్షన్. కొత్త ఫైలులో అంతకన్నా తక్కువ ఉంటే ఫోను తిరస్కరిస్తుంది. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసి, బ్యాకప్ తీసి, ఫోను ఆపి, రెండు వాల్యూమ్ బటన్లు నొక్కిపట్టి విండోస్ కంప్యూటరుకు కేబుల్ తగిలించండి. శామ్‌సంగ్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కంప్యూటర్ ప్రోగ్రాం ఓడిన్‌లో బీఎల్, ఏపీ, సీపీ, సీఎస్‌సీ నాలుగు ఫైళ్లూ నింపాలి. ఇక్కడ హోమ్ సీఎస్‌సీ కాదు, మామూలు సీఎస్‌సీ వేయాలి. డేటా మొత్తం పోతుంది, కానీ పాత ఆపరేటర్ ఆప్‌లు పోయేదీ అలాగే. మోడల్ తేడా అంటూ ఓడిన్ ఆగిపోతే ప్యాచ్డ్ ఓడిన్ (ఆ తనిఖీ తీసేసిన ఓడిన్) కావాలి. ఫైళ్లు శామ్‌సంగ్ సంతకం చేసినవే కాబట్టి నాక్స్ (శామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ) చెడదు.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఇది సిమ్ లాక్ తీయదు. జియో వోల్టీ వస్తుందన్న హామీ కూడా లేదు.

పిక్సెల్‌లో "ఓఈఎం అన్‌లాకింగ్" బూడిద రంగులో ఉంది

ఇది బూట్‌లోడర్ లాక్ తీయడానికి అనుమతించే బటన్, సిమ్ లాక్ వేరు. వెరిజాన్ అమ్మిన పిక్సెల్‌లో సిమ్ లాక్ తీరినా ఈ బటన్ తెరుచుకోదు. టీ-మొబైల్ పిక్సెల్‌లో బాకీ తీరి సిమ్ లాక్ పోయాక, ఇంటర్నెట్‌కు కలిపితే తెరుచుకుంటుంది. కస్టమ్ రోమ్ (ఫోను కంపెనీది కాని సాఫ్ట్‌వేర్) కోసం సెకండ్‌హ్యాండ్ పిక్సెల్ కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందే డెవలపర్ ఆప్షన్స్‌లో ఈ బటన్‌ను ఒకసారి నొక్కి చూడాలి.