తీరగ్రామ భూవినియోగ ప్రణాళికలో సముద్రానికి చోటు వదలడం ఎలా

కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం పక్కగా వెళ్లే రోడ్డు మీద కోత పడిన చోట ఒకసారి ఆగి చూడండి. తెగిన తారు అంచు కింద కంకర, కంకర కింద ఇసుక, ఆ ఇసుక జారిపోకుండా తెచ్చి పోసిన నల్లరాళ్లు కనిపిస్తాయి. ఉప్పాడ తీరానికి అంతకుముందు జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కూడా వేశారు, అలలు దాన్నీ దెబ్బతీశాయి. ఊరు ఇప్పటికే అంచున ఉన్నచోట రాళ్లు పోయక తప్పదు. అయితే ఆ పరిస్థితి రాకుండా చూసుకునే అవకాశం ఇంకా ఉన్న ఊళ్లు మన తీరంలో చాలా ఉన్నాయి. తీర మండలాల పంచాయతీ సభ్యులు, కార్యదర్శులు, ప్రణాళికా సిబ్బంది ఏ సర్వే నంబరులో ఏమి కట్టకూడదో ముందే తేల్చి, ఆ నిర్ణయాన్ని రికార్డుకు ఎక్కించే పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఏ గోడ కన్నా ఆ నిర్ణయమే ఎక్కువ కాలం కాపాడుతుందని నా నమ్మకం.

నీరు ఎక్కడిదాకా వచ్చిందో ముందు రాసుకోండి

ఊరి పటాన్ని చేతిలో పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లడంతో పని మొదలుపెట్టాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమను తాకిన తుఫాను, 2014 హుద్‌హుద్ వంటివి వచ్చినప్పుడు నీరు ఏ గుడి మెట్టుదాకా, ఏ చెరువు గట్టుదాకా వచ్చిందో చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. వారు చూపించిన ప్రతి చోటునూ సర్వే నంబరుతో సహా గుర్తించండి. ఏ బావి ఏ సంవత్సరం నుంచి ఉప్పబారింది, ఏ చేను చౌడుబారింది, పెద్ద పోటు రోజున ఏ వీధిలోకి నీరు వస్తోంది అన్నవి కూడా ఆ పటంలోనే చేర్చాలి. ఇవి లేకుండా హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తయారుచేసే తీర ముప్పు పటాలను చూస్తే, ఊరికి సంబంధించిన సగం విషయం చేజారిపోతుంది.

పటం స్కేలు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. తీరంలో ఎక్కడ ఏమి అనుమతిస్తారో చూపే ప్రభుత్వ తీర మండల నిర్వహణ ప్రణాళిక పటాలు 1:25,000 స్కేలులో ఉంటాయి. ఆ కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 25 మీటర్లు, అంటే పెన్సిలు గీత మందంలోనే ఒక ఇల్లు, దాని పెరడు దాగిపోతాయి. అందుకే స్థానిక అవసరాలకు 1:3,960 స్కేలులో, సర్వే నంబర్లు కనిపించేలా పటాలు ఉండాలని నిబంధన పెట్టారు. అక్కడ ఒక మిల్లీమీటరు దాదాపు నాలుగు మీటర్లే. ఆ పటం కావాలని అడగండి, అది చేతికి వచ్చాకే ఏ సరిహద్దు గురించైనా చర్చించండి.

చట్టం గీసిన గీత, సముద్రం గీయబోయే గీత

తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నిబంధనలు పోటు రేఖ నుంచి, అంటే పెద్ద పోటులో నీరు చేరే గీత నుంచి దూరాన్ని కొలుస్తాయి. కేంద్ర ప్రభుత్వ 2011 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకు వీలులేని ప్రాంతం. 2019 ప్రకటన కింద పటాలు ఆమోదం పొందిన చోట, 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న గ్రామాలకు ఆ దూరం 50 మీటర్లకు తగ్గుతుంది. మీ ఊరికి ఏ ప్రకటన, ఏ పటం వర్తిస్తుందో రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చట్టం చెప్పిన 50 మీటర్లు అనుమతికి కనీస హద్దు మాత్రమే, అక్కడి నుంచి నేల భద్రమని దాని అర్థం కాదు. కోత, సముద్రమట్టం పెరుగుదల లెక్కలోకి తీసుకుని సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన విపత్తు రేఖను 2019 ప్రకటన అనుమతుల నుంచి విడదీసి, విపత్తు నిర్వహణ ప్రణాళికకు సాధనంగా మాత్రమే ఉంచింది. కాబట్టి ఆ రేఖను భూవినియోగ పటం మీదకు తెచ్చే బాధ్యత ఇప్పుడు స్థానిక ప్రణాళికదే.

దూరాన్ని లెక్కకట్టడం కష్టమైన పనేమీ కాదు. తీరం ఏటా సగటున ఎన్ని మీటర్లు కోతకు గురవుతోందో పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను పోల్చి తెలుసుకుని, దానిని కట్టడం నిలవాల్సిన సంవత్సరాలతో హెచ్చించి, తుఫానులో ఒక్కసారిగా పోయే మేరకు కొంత కలపాలి. ఏటా మీటరున్నర పోతున్న చోట 60 ఏళ్లు నిలవాల్సిన పక్కా ఇంటికి 90 మీటర్లు కోతకే సరిపోతాయి, తుఫాను వాటా దానికి అదనం. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇలాంటి గుణకమే అమలులో ఉంది, అక్కడ చిన్న కట్టడాలకు ఏటా పోయే కోతకు కనీసం 30 రెట్లు, పెద్దవాటికి అంతకన్నా ఎక్కువ. ఈ పద్ధతిలో పాఠశాల, ఆసుపత్రి, నీటి ట్యాంకు వంటివి ఇళ్ల కన్నా వెనక్కి వెళ్తాయి, వల ఆరేసుకునే పాక ముందు ఉండవచ్చు.

ప్రపంచ సముద్రమట్టం 1901 నుంచి 2018 మధ్య సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, పెరిగే వేగం కూడా హెచ్చుతోంది. దానికి తోడు ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడం వల్ల గోదావరి, కృష్ణా డెల్టాల అంచులకు చేరే మట్టి తగ్గింది. రేవు గోడలు కడితే తీరం వెంట ఉత్తరంగా సాగే ఇసుక ఆగి, ఉత్తరాన ఉన్న ఊరికి కోత మొదలవుతుంది. విశాఖపట్నంలో రేవు దగ్గర తవ్విన ఇసుకను నగర తీరానికి తెచ్చి పోయడం ఈ కారణంగానే. అందుకని పొరుగు పంచాయతీ గోడ కడతానంటే, దాని ఫలితం మీ ఒడ్డున ఎలా ఉంటుందో అడిగే హక్కు మీకుందని గుర్తుంచుకోండి.

కదపకూడని నేలలు

ఇసుక దిబ్బలు, మడ అడవులు, ఉప్పుటేర్లు, మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు), వాన నీరు నిలిచే పల్లాలు, ఈ నేలల పేర్లు ప్రణాళికలో విడివిడిగా ఉండాలి. రెవెన్యూ రికార్డులో ఇవి చాలావరకు పోరంబోకుగానో, బీడుగానో ఉంటాయి. ఖాళీ అన్న పేరు పడితే చాలు, ఇళ్ల స్థలాలకైనా గోదాములకైనా మొదట చూపించేది వాటినే. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షిత మేర ఉండాలని తీర నిబంధనలే చెబుతున్నాయి. మడ వేళ్లు అలల ఊపును తగ్గిస్తాయి, కింది బురద కర్బనాన్ని పట్టి ఉంచుతుంది. ఆ చెట్లు కొట్టి చెరువు తవ్వితే రెండు రక్షణలూ ఒకేసారి పోతాయి. 1839 ఉప్పెన దెబ్బకు రేవుపట్నంగా కుప్పకూలిన కోరంగి పక్కన ఈ రోజు విస్తారమైన మడ అడవి ఉంది, దాన్ని ఆ ప్రాంతానికి కాపలాగా లెక్కించాలి.

డెల్టాలో మురుగు కాలువలకు అంతే ప్రాధాన్యం ఇవ్వాలి. సముద్రమట్టం పెరిగేకొద్దీ పోటు సమయంలో డ్రెయిన్ల నీరు దిగదు, పైగా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. డ్రెయిన్ గట్టు పక్కన రొయ్యల చెరువుకు, కొత్త రోడ్డుకు అనుమతి ఇచ్చే ముందు నీరు పోయే తూములు ఎన్ని, ఎక్కడ అన్నది పటం మీద చూపించమని అడగండి. కొల్లేరు ఐదో కాంటూరు అనే మాట మన రైతులకు బాగా తెలుసు. నేల ఎత్తును బట్టి వినియోగాన్ని నిర్ణయించిన హద్దు అది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా లోపల తవ్విన చెరువుల గట్లను 2006లో తెంచాల్సి వచ్చింది. తవ్వకం మొదలుకాక ముందే హద్దు రాళ్లు పాతితే ఆ నష్టం, ఆ మనస్తాపం చాలావరకు తప్పుతాయి.

వెనక్కి జరగాల్సిన ఇళ్లు

కొన్ని వీధులు నిలవవని లెక్క తేలినప్పుడు ఆ మాట చెప్పడం కష్టం, దాచడం అన్యాయం. మత్స్యకారుడు తెల్లవారుజామున గడపలో నిలబడే గాలిని, అలను చూసి వేటకు వెళ్లాలో లేదో తేల్చుకుంటాడు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు ఇసుక మేర కావాలి. అందువల్ల కొత్త స్థలం పడవ దగ్గరికి నడిచి వెళ్లేంత దూరంలో, మెరక మీద ఉండాలి. కోత తలుపు తట్టిన తర్వాత అలాంటి భూమి దొరకదు, దొరికినా ధర అందదు. కనుక ఇప్పుడే గుర్తించి కొని ఉంచండి. ఖాళీ అయిన ఒడ్డు రేపు రిసార్టుగా మారకుండా, పడవలు లాగే చోటు, వలల చోటు, చేపలు ఆరబెట్టే చోటు గ్రామ ఉమ్మడి స్థలాలుగా స్థానిక పటంలో నమోదు చేయించండి. తుఫాను రక్షిత భవనానికి పోయే దారి కూడా ఆ పటంలోనే ఉండాలి.

కాగితం మీద నిలబెట్టడం

ఇంత చేసినా గ్రామసభ తీర్మానం లేకపోతే ఈ పటానికి విలువ ఉండదు. తీర్మానంలో సర్వే నంబర్లు, దూరాలు, కారణాలు స్పష్టంగా రాసి, దానిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు జతచేయండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద తయారయ్యే జిల్లా ప్రణాళికలో చేర్చమని కలెక్టరుకు ఒక ప్రతి, లేఅవుట్ అనుమతులిచ్చే పట్టణాభివృద్ధి సంస్థకు ఇంకొక ప్రతి పంపి రసీదు తీసుకోండి. తీర మండల పటాల ముసాయిదా ప్రకటించినప్పుడు ప్రజల అభ్యంతరాలు స్వీకరిస్తారు, అప్పుడు ఇవే కాగితాలు మీ ఆధారం.

చివరగా, కదలని ఒక గుర్తును ఊళ్లో ఎంచుకోండి. గుడి ధ్వజస్తంభమైనా, పాఠశాల పునాది అయినా ఫరవాలేదు. ఏటా ఈశాన్య రుతుపవనాలు ముగిశాక, జనవరిలో, అక్కడి నుంచి ఒడ్డుదాకా టేపు పట్టి కొలిచి, ఆ సంఖ్యను తేదీతో సహా పంచాయతీ రిజిస్టరులో ఇద్దరు సాక్షుల సంతకాలతో రాయండి. ఐదేళ్ల సంఖ్యలు పోగయ్యాక పైన చెప్పిన లెక్కను మళ్లీ వేసి, హద్దు రాళ్లను దాని ప్రకారం మార్చండి.