తంగేడు పూలు సాఫ్ట్ పేస్టల్స్‌తో వేసే ముందు జాగ్రత్తలు

- సాఫ్ట్ పేస్టల్స్ అంటే పొడి రాలే మెత్తని రంగు కడ్డీలు. కాగితం మీది ఆ పొడిని నోటితో అస్సలు ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకోండి. బోర్డు పైఅంచును మీ వైపు కాస్త వంచితే పొడి దానంతటదే రాలుతుంది. కొన్ని పసుపు రంగుల్లో కాడ్మియం అనే విషపు లోహం ఉంటుంది. పెట్టె మీద చూసుకోండి, చేతులు కడగకుండా ఏమీ తినొద్దు.
- గరుకు కాగితమే కావాలి.
- బయట పొదల పక్కన కూర్చుని బొమ్మ వేసేట్టయితే, ముందు కర్రతో తట్టండి, పాములుండొచ్చు.
- తంగేడు పసుపు ఇట్టే మాసిపోతుంది. ఆకుపచ్చ అంటిన వేలు తగిలితే చాలు, అంచులు ముడతలు పడ్డ ఆ ఐదు రేకులూ వాడిపోయినట్టు కనిపిస్తాయి. పొడిగుడ్డ దగ్గరుంచుకోండి. ఆకులు, నీడలు ముందు; పసుపు చివర్లో.
- ఫిక్సేటివ్ (పొడి రాలకుండా బొమ్మ మీద కొట్టే స్ప్రే) ఎక్కువైతే రంగు ముదురుతుంది. ముందు చిన్న ముక్క మీద, ఆరుబయట కొట్టి చూడండి.