రంగుల లెక్క – ఐదో పాఠం: మిర్చి రాశి, సిమెంటు స్తంభం

ఫొటోలో ఏ వెలుగు స్థాయి ఎంతమేర ఉందో గుట్టలా చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో ఎడమ అంచు 0, అంటే నలుపు; కుడి అంచు 255, అంటే పూర్తి వెలుగు అని గత పాఠంలో చూశాం. ఈసారి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గుట్టలను విడివిడిగా చదువుదాం. వైట్ బ్యాలెన్స్ (తెలుపు, బూడిద వస్తువులు వేరే రంగుకు తిరగకుండా చేసే సర్దుబాటు) కుదిరిందా లేదా అన్నది అవే చెబుతాయి. అయితే ఎక్కడ చూడాలో తెలియాలి.

సూత్రం చిన్నదే. బూడిద రంగు వస్తువులో మూడు రంగుల విలువలూ సమానం, కాబట్టి మూడు గుట్టలూ ఒకేచోట నిలవాలి. చాలామంది దీన్ని ఫొటో మొత్తానికీ వర్తింపజేసి బంగారంలాంటి ఫొటోలు పాడు చేసుకుంటున్నారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో నేను తీసిన ఒక ఫొటో నిండా ఎండుమిర్చి రాశులే. ఎరుపు గుట్ట కుడివైపు, నీలం ఎడమ గోడకు ఆనుకుని ఉంది. అందులో తప్పేమీ లేదు, మిర్చి రంగే అది. ఆ గుట్టలను బలవంతంగా కలిపితే మిర్చి వెలిసిపోతుంది, కింద నేల నీలంగా తేలుతుంది.

అందుకే రాశికి దూరంగా ఉన్న సిమెంటు స్తంభం మాత్రమే మిగిలేలా ఫొటోను కత్తిరించాను. దగ్గరి స్తంభం పనికిరాదు, దాని మీద మిర్చి ఎరుపు పడుతుంది. ఎరుపు 150 దగ్గర, ఆకుపచ్చ 138 దగ్గర, నీలం 117 దగ్గర కనిపించాయి. అంటే ఫొటో పసుపుకు తిరిగింది. ఎడిటింగ్ యాప్‌లో పసుపు, నీలం మధ్య జరిగే టెంపరేచర్ స్లైడర్‌ను మెల్లగా నీలం వైపు జరిపితే ఎరుపు వెనక్కి, నీలం ముందుకు నడిచి కలుసుకున్నాయి. ఆకుపచ్చ ఒక్కటే కాస్త కుడికి మిగిలింది. ఆకుపచ్చ, మెజెంటా (గులాబీ ఊదా) మధ్య జరిగే టింట్ స్లైడర్‌ను మెజెంటా వైపు కొంచెం జరపగానే అదీ వచ్చి చేరింది. తర్వాత కత్తిరింపు రద్దు చేశాను. మిర్చి ఎర్రగానే ఉంది, స్తంభం బూడిద రంగుకు వచ్చింది.

తెల్ల పంచె కనిపించింది కదా అని దాన్ని నమ్మకండి. నీలిమందు పెట్టిన బట్టలో నీలం ముందే ఎక్కువ. ఎండ వెలుగు మరీ ఎక్కువై 255 గోడకు కొట్టుకున్న తెలుపు కూడా అంతే: మూడు గుట్టలూ సమానంగా కనిపిస్తాయి, కానీ అక్కడ రంగు సమాచారమే మిగలదు.

అభ్యాసం: రామప్ప గుడి ఫొటో ఒకటి తీసుకోండి. ఎర్రటి ఇసుకరాయి గోడనూ, నల్లరాతి మదనికనూ (స్త్రీ శిల్పాన్నీ) వేర్వేరుగా కత్తిరించి, మూడు గుట్టలూ ఎక్కడ నిలిచాయో అంకెలతో రాసి పెట్టుకోండి. ఆరో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.