ముసురు పట్టకముందే షాకప్‌ల సంగతి చూడండి

రోహిణి ఎండల్లో గుంత గుంతలాగే కనిపిస్తుంది. మృగశిర వానలు మొదలయ్యాక అదే గుంత నిండా నీళ్లు, లోతెంతో తెలీదు. అందుకే జూన్ వచ్చేసరికి చాలామంది బైక్ మెకానిక్ దగ్గరికి పోయి "అన్నా, వెనక షాకప్‌లు టైట్ చెయ్యి, గుంతల్లో కొడుతున్నాయి" అంటారు. ఆయన సీ-పానా (కొక్కెంలా వంగిన పానా) తీసి, స్ప్రింగ్‌ను నొక్కిపట్టే రింగును రెండు వైపులా ఆఖరి గాడికి తిప్పేస్తాడు. రోజూ ఒక్కరే ఆఫీసుకు వెళ్లే బండికి ఇది సాయం కాదు, చేటు.

షాకప్ పని పైకి నొక్కుకోవడమే కాదు. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికీ దానిలో జాగా ఉండాలి. ఆఖరి గాడిలో పెట్టి తక్కువ బరువుతో కూర్చుంటే ఆ జాగా మిగలదు. చక్రం గుంతలోకి దిగలేక క్షణం గాల్లో తేలుతుంది. నేలను వదిలిన టైరుకు పట్టు ఎక్కడిది? తడి రోడ్డు మీద సరిగ్గా అప్పుడే వెనక బ్రేకు తొక్కితే బండి పక్కకు జారుతుంది. పైగా గాడి మారిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని అనుకుంటారు కానీ స్ప్రింగ్ అదే స్ప్రింగ్. ముందే కొంత నొక్కిపెట్టడం వల్ల బండి వెనక భాగం ఎత్తు మాత్రం మారుతుంది.

మరి మీ బరువుకు ఏ గాడి సరిపోతుంది? టేపు, ఇంకో ఇద్దరు మనుషులు ఉంటే చాలు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం ఇరుసు నుంచి నిటారుగా పైన సీటు కింద ప్యానెల్ మీద ఒక గుర్తు పెట్టి దూరం కొలవండి. 520 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. స్టాండ్ తీసి, రోజూ వేసుకునే బ్యాగు, హెల్మెట్‌తో సహా కూర్చోండి. ఒకట్రెండు సార్లు ఊగి, కదలకుండా కాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టాలి. బండిని ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. ఇప్పుడు 495 వచ్చిందంటే 25 మిల్లీమీటర్లు కుంగినట్టు. వెనక చక్రం మొత్తం కదిలే దూరంలో సుమారు మూడో వంతు కుంగితే బాగున్నట్టు. అంతకంటే బాగా ఎక్కువ కుంగితే గాడి పెంచాలి, తక్కువైతే దించాలి. చక్రం ఎంత దూరం కదులుతుందో మాన్యువల్‌లో ఉంటుంది.

కానీ పానా పట్టుకునే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. గాలి తప్పుగా ఉంటే షాకప్‌ల గురించి మీరు వేసే లెక్కలన్నీ తప్పే. తర్వాత షాకప్ రాడ్డు మీద, ముందు ఫోర్క్ గొట్టాల మీద వేలు పెట్టి చూడండి. నూనె తడి తగిలితే సీల్ పోయినట్టే. అలాంటిదాన్ని సెట్ చేసి లాభం లేదు, బాగుచేయించాలి. ముందు సీల్ కారితే నూనె డిస్క్ మీదికి చేరి ప్యాడ్లకు అంటుతుంది, వానలో అసలే తక్కువగా పడే బ్రేకు ఇంకా పోతుంది. నూనె తాగిన ప్యాడ్లను తుడిచి వాడకండి, మార్చండి. వెనక ఒక వైపే కారుతున్నా జతగానే మార్చడం మంచిది.

గాడి మార్చేటప్పుడు సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి. పానా జారిందంటే వేళ్లు నేరుగా దాని మీదికే పోతాయి, గ్లవుజులు వేసుకోండి. రెండు షాకప్‌లున్న బండికి రెండు వైపులా ఒకే గాడి ఉండాలి. ఎడమ మూడు, కుడి రెండు ఉన్న బళ్లు రోడ్డు మీద తక్కువేం లేవు! గ్యాస్ షాకప్‌ను విప్పడం, వేడి చేయడం, బెజ్జం వేయడం ఇంట్లో చేసే పనులు కావు. లోపల ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది.

ముందు వైపు చాలా కమ్యూటర్ బళ్లలో తిప్పడానికేమీ ఉండదు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకొచ్చి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే ఫోర్క్ ఆయిల్ మార్చే టైమ్ అయింది. నొక్కినప్పుడు టక్కుమని చప్పుడొస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) కూడా చూపించండి. ముసురు రోజుల్లో ఇంటికి రాగానే ఆ గొట్టాల మీది బురదను తడిగుడ్డతో తుడిచేయండి. ఎండిన బురదే సీల్‌ను కోసేది. వాటర్ వాష్‌లో పైపును సీల్ మీదికి గురిపెట్టొద్దని కుర్రాడికి చెప్పండి.

క్లిక్కర్లు (షాకప్ ఊగే వేగాన్ని మార్చే, టిక్కుమని తిరిగే మరలు) ఉన్న ఖరీదైన బండైతే ముందు ఇప్పుడున్న సెట్టింగ్ రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదీ ఒకటి రెండు క్లిక్కులు. చివరికి చేరాక బలవంతంగా తిప్పితే లోపలి సూది పాడవుతుంది. తడి రోడ్డుకు ఎండాకాలం కంటే కాస్త మెత్తగా ఉండడమే మేలని నా అభిప్రాయం.

బొగత, కుంటాల జలపాతాలకో, మారేడుమిల్లి ఘాట్‌కో ఇద్దరెక్కి బ్యాగులు కట్టుకుని బయల్దేరేవాళ్లు మాత్రం గాడి పెంచాల్సిందే. లేకపోతే వెనక కుంగి ముందు లేస్తుంది, మలుపులో హ్యాండిల్ తేలిపోతుంది, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. బరువెక్కాక గోడ ముందు లైటు వేసి చూసుకోండి, చైన్ లూజు కూడా. తిరిగొచ్చి సామాను దించిన రోజే గాడి కూడా దించండి. మార్చిన ప్రతిసారీ మొదటి రౌండ్ వానలో కాకుండా, పొడిగా ఉన్న, తెలిసిన వీధిలో 30, 40 వేగంతో వేయండి.