ఉప్పెన చుట్టూ తిరిగే పాత కుటుంబ నవలని ఎలా చదవాలి?

1977 నాటి దివిసీమ ఉప్పెనలో చెల్లాచెదురైన ఒక కుటుంబం కథ. ఒక్క ముద్రణతో ఆగిపోయిన నవల. పేరు చెబితే "ఎవరు రాశారూ?" అని ఎదురు అడుగుతారు. ఇలాంటివి నేను చాలా చదివాను, చాలామందికి చదవమని ఇచ్చాను. నలభయ్యో పేజీ దాటకుండానే "ఎవరు ఎవరో తెలియట్లేదండీ" అంటూ తిరిగిచ్చేస్తారు. చదివే పద్ధతి తెలియక వచ్చే తిప్పలివి.

1. పుస్తకం సంపాదించండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయంలోనో వెతకండి. కొనేముందు పేజీ నంబర్లు చూసుకోండి, పాత బైండింగుల్లో ఒక్కోసారి ఒక ఫారం (కలిపి కుట్టిన పేజీల కట్ట) మొత్తం ఊడిపోయి ఉంటుంది. పీడీఎఫ్ వద్దు. పదిసార్లు వెనక్కి తిప్పాల్సిన నవలని ఫోన్‌లో చదవడం కుదరదు.

2. ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితం. పెన్ను పనికిరాదు.

3. ముందుమాట చివర్లో చదవండి. అది రాసిన పెద్దమనిషి రెండో పేరాలోనే ఎవరు పోయారో, ఎవరు మిగిలారో చెప్పేసి ఉంటాడు.

4. మనుషుల్ని కాగితం మీద పెట్టండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా వినండి.

చాలామంది తాత పేరు పైన రాసి కిందికి గీతలు లాగుతారు. మన కుటుంబాల్లో అది రెండో తరానికే చిక్కు పడుతుంది. మేనమామే మొగుడైతే గీత ఎటు గీస్తారు? పైగా తాత పేరే మనవడికి పెడతారు. ఒకే మనిషిని ఒకరు అత్త అంటారు, ఇంకొకరు వదిన అంటారు, మరొకరు పిన్ని అంటారు. నేనూ ఒకప్పుడు గీతలే గీశాను. ఉప్పెనలో పోయిన సుబ్బమ్మ కోసం ఏడ్చి పేజీ తిప్పితే, సుబ్బమ్మ అరుగు మీద కూర్చుని పప్పు రుబ్బుతోంది. పోయింది ఆవిడ నాయనమ్మట, పేరొకటే.

అందుకే రక్తసంబంధం వదిలేసి ఇళ్ళు గీయండి. పాకకి ఒక డబ్బా, పెంకుటింటికి ఒకటి, డాబాకి ఒకటి. ఎవరు ఎక్కడ పడుకుంటారో ఆ డబ్బాలో పేరు రాయండి. పెళ్ళయి వెళ్తే చెరిపి కొత్త ఇంట్లో రాయండి. పెన్సిలు అన్నది అందుకే. నీళ్ళు వచ్చిన రోజు ప్రాణాలు నిలబెట్టేది చుట్టరికం కాదు, ఆ పూట ఎవరు డాబా మీద ఉన్నారు, ఎవరు పాకలో ఉన్నారు అన్నది. తెలిసి రాసిన రచయిత ఆ సంగతి మొదటి పేజీల నుంచే సర్దుకుంటూ వస్తాడు. వరసల కోసం కథ చెప్పే మనిషిని ఒక్కరినే పట్టుకోండి, అందరూ ఆ మనిషికి ఏమవుతారో మాత్రం రాసుకోండి.

ఇంకో గోతి కూడా ఉంది. ఇలాంటి నవలల్లో తేదీలు అరుదు, "ఉప్పెన ఏడు", "ఉప్పెనకి ముందు" అనే ఉంటుంది. కానీ ముసలమ్మ "మా ముత్తవ్వ ఉప్పెనలో పోయింది" అందనుకోండి, అది 1977ది కాదు, 1864లో బందరుని ముంచింది. అప్పుడు దాదాపు 30,000 మంది పోయారు. మాట్లాడేవాళ్ళ వయసు లెక్కేసుకోండి, ఏ ఉప్పెనో తేలిపోతుంది.

5. ఉప్పెన అధ్యాయం ఒకే కూర్చోవడంలో చదవండి. అంతకుముందు మ్యాప్ ఒక్కసారి చూడండి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. ఇది తెలియని వాళ్ళే "ముందే పారిపోవచ్చుగా" అంటారు. ఎటు పారిపోతారు? 1977 నవంబర్ 19, శనివారం. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీద పడింది. ఆ తీరంలో ఇప్పుడు కనబడే తుఫాను షెల్టర్లు ఆ తర్వాత కట్టినవి. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 మంది. ఆ అంకె చదివితే నాకేమీ అనిపించదు. కాగితం మీద పాక డబ్బాలో ఐదు పేర్లుంటే, వాటిలో ఒక్కటే మిగిలితే, అప్పుడు పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళాల్సి వస్తుంది.

6. తర్వాతి భాగం సాగదీసినట్టుంటే రచయితని తిట్టకండి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలైతే, పోయినవారం కథని మళ్ళీ మళ్ళీ గుర్తుచేయడం మామూలే. అలాంటి పేరాలు దాటేయొచ్చు.

అయిపోయాక ఆ కాగితాన్ని పుస్తకంలో మడిచిపెట్టి ఇంకొకరికి ఇవ్వకండి, వాళ్ళ ఇళ్ళు వాళ్ళే గీసుకుంటారు. పుస్తకం నాదైతే మాత్రం, మార్జిన్‌లో గీసినవి రబ్బరుతో చెరిపి ఇవ్వండి.